రెండు తీగలు ఎక్కడ పోయాయని అడక్కండి

మా హాస్టల్ బ్లాక్‌లో గిటార్ వాయించేవాళ్ళు ఓ పదిమంది ఉంటారు. నా చేతిలో ఉన్నదాన్ని చూడగానే అందరూ అన్న మొదటి మాట ఒక్కటే: "రెండు తీగలు తెగిపోయాయేంట్రా?" కొంచెం లోకజ్ఞానం ఉన్నవాళ్ళు "ఉకులేలేనా?" అన్నారు. రెండూ కాదు. ఇది టెనర్ గిటార్. పుట్టుకతోనే నాలుగు తీగలు. మా బాబాయి అమెరికాలో ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో కొని, మొన్న వేసవి సెలవులకి వచ్చినప్పుడు నా చేతిలో పెట్టి వెళ్ళారు. 1930ల నాటిది. తల మీద కంపెనీ పేరు అరిగిపోయింది, వెనక్కి తిప్పితే మహాగని చెక్క మీద ఎవరి బెల్టు బకిల్‌ గీతలో ఇంకా ఉన్నాయి.

అప్పట్నుంచీ నాకు ఉచిత సలహాలు మూడు రకాలుగా వస్తున్నాయి. మామూలు గిటార్‌లో కింది నాలుగు తీగల్లా శ్రుతి మార్చేసుకో, రెండు రోజుల్లో వచ్చేస్తుంది అనేది ఒకటి. కన్నం పెట్టించి పికప్ బిగించు, కల్చరల్స్‌కి పనికొస్తుంది అనేది రెండోది. అసలు ముట్టుకోకు, యాంటిక్ కదా, గోడకి తగిలించు అనేది మూడోది. ఈ మూడూ తప్పే అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను. అందులో మొదటి సలహాకి మాత్రం నేను ఒప్పుకోక తప్పని బలం ఒకటుంది, దాన్నీ దాచను.

ముందు దీని పుట్టుక. 1920ల మొదట్లో అమెరికా డాన్స్ బ్యాండ్లలో లయ నడిపే తీగ వాయిద్యం బ్యాంజో. హాల్లో మైకుల్లేవు. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ శాక్సఫోన్లూ ఒక్కసారి లేస్తే వాటి మధ్యలోంచి వినపడాలంటే డప్పులా చర్మం బిగించిన బ్యాంజో వల్లే అయ్యేది. రికార్డింగ్ అంటే పెద్ద గరాటు ముందు నిలబడి వాయించడం. ఆ గాలి కదలికే సూదిని కదిపి మైనం మీద గాడి గీసేది. అందులో గిటార్ ఉన్నా లేనట్టే. 1925లో కరెంటుతో రికార్డు చేసే పద్ధతి వచ్చింది, రేడియో ఇంటింటికీ చేరుతోంది, మైకు ముందు గిటార్ మెత్తదనం మొదటిసారి జనం చెవుల్లో పడింది. అది విన్నాక బ్యాంజో టకటక కాస్త గోలగా తోచింది. బ్యాండ్ లీడర్లు గిటార్ కావాలనడం మొదలెట్టారు.

ఇప్పుడు పదేళ్ళుగా టెనర్ బ్యాంజో వాయించి పొట్ట పోసుకుంటున్నవాడి సంగతి ఆలోచించండి. అతని తీగలు నాలుగు: సి, జి, డి, ఎ. గిటార్‌వి ఆరు: ఇ, ఎ, డి, జి, బి, ఇ. వేళ్ళకి తెలిసిన ఒక్క కార్డు కూడా అక్కడ పనికిరాదు. వచ్చే శనివారం ప్రోగ్రాం ఉంది. మనకైతే ఇది కొత్త సిలబస్‌లో పాత రెగ్యులేషన్ సప్లీ రాయడం లాంటిది. 1920ల చివర్లో గిబ్సన్, మార్టిన్ లాంటి కంపెనీలు దీనికిచ్చిన జవాబు మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ: ఒళ్ళు గిటార్‌ది, మెడా తీగలూ బ్యాంజోవి. పాత వేళ్ళతో కొత్త ధ్వని.

అంటే ఇది ఒక అడాప్టర్. అడాప్టర్ల బతుకు ఎంతకాలమో మనకి తెలుసు. అందరూ కొత్త పోర్టుకి మారిపోయాక డ్రాయర్‌లో పడుంటుంది. నిజానికి చాలామంది బ్యాంజో వాళ్ళు మెల్లగా ఆరు తీగలకి మారిపోయారు కూడా. కానీ కొందరు మారలేదు. నాకు ఆసక్తి వాళ్ళ మీదే.

ఎడ్డీ కాండన్ ఒకడు. 1905లో ఇండియానాలో పుట్టి, షికాగోలో బ్యాంజోతో మొదలెట్టి, తర్వాత నాలుగు తీగల గిటార్ పట్టుకుని జీవితమంతా దాన్నే వాయించాడు. 1940లలో న్యూయార్క్ టౌన్ హాల్లో కచేరీలు పెట్టాడు, 1945లో గ్రెనిచ్ విలేజ్‌లో సొంత క్లబ్బు తెరిచాడు. ఇంత పేరున్నవాడు సోలో వాయించడం మాత్రం బహు అరుదు. బ్యాండ్ మధ్యలో కూర్చుని లయ నడపడమే అతని పని. సోలో లేకపోతే కళాకారుడే కాదనుకునే మన కాలేజీ బ్యాండ్లు అతని రికార్డు ఒక్కటి పెట్టుకుని, గిటార్ వినపడుతోందా అని కాకుండా, అది తీసేస్తే ఏమవుతుందో ఊహించుకుంటూ వినాలి.

ఇక రెండోవాడు దానికి పూర్తి వ్యతిరేకం. టైనీ గ్రైమ్స్. పేరు టైనీ, మనిషి కాదు. ఎలక్ట్రిక్ టెనర్ గిటార్ మీద శాక్సఫోన్ వాడిలా ఒక్కో స్వరం ఊదినట్టు సోలోలు వాయించేవాడు. 1943లో ఆర్ట్ టేటమ్ ట్రయోలో చేరాడు. టేటమ్ పియానో వేగం ముందు ఆరు తీగలున్నవాళ్ళే చేతులెత్తేసే రోజులవి. ఆ మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న సవాయ్ కంపెనీకి గ్రైమ్స్ తన పేరు మీద రికార్డింగ్ చేస్తూ, 24 ఏళ్ళ ఆల్టో శాక్సఫోన్ కుర్రాణ్ణి వెంట తీసుకెళ్ళాడు. ఆ కుర్రాడు చార్లీ పార్కర్. 'టైనీస్ టెంపో', 'రెడ్ క్రాస్' అప్పటివే. బీబాప్ అనే కొత్త భాష ఇంకా పూర్తిగా రికార్డులకెక్కని సమయంలో పార్కర్ పక్కన నాలుగు తీగలతో నిలబడ్డ మనిషి ఇతను. (తర్వాత 1950లలో ఇతనే స్కాట్లండ్ లంగాలు తొడుక్కుని 'రాకిన్ హైలాండర్స్' అనే బ్యాండ్ నడిపాడు. దానికీ జాజ్ సిద్ధాంతానికీ ఏ సంబంధమూ లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.)

ఒకే వాయిద్యంతో ఒకడు నోరెత్తకుండా ముప్పై ఏళ్ళకి పైగా లయ నడిపాడు, ఇంకొకడు పార్కర్ పక్కన సోలో వాయించాడు. దీన్ని సగం గిటార్ అనేవాళ్ళు ఏ సగం గురించి మాట్లాడుతున్నారో నాకు అర్థం కాదు.

సరే, శ్రుతి సంగతికొద్దాం. నా అసలు తగువంతా ఇక్కడే.

సి, జి, డి, ఎ. ఒక్కో తీగకీ దాని పక్క తీగకీ మధ్య దూరం పంచమం. స నుంచి ప. సి ని షడ్జమం అనుకుంటే తీగలు వరసగా స, ప, పై రి, పై ధ. వేలు పెట్టకుండా నాలుగూ మీటితే మోహనలోంచి గాంధారం తీసేసినట్టు ఉంటుంది. మొదటిరోజు రాత్రి అలా ఊరికే మీటుతూ కూర్చుంటే, చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మా రూమ్మేట్ మంచం మీంచి తల ఎత్తి "గ ఏది?" అన్నాడు. నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. చెవితో శ్రుతి చేసేటప్పుడు ఇంకో చిన్న తమాషా ఉంది: మూడు పంచమాలనీ 3:2 నిష్పత్తిలో శుద్ధంగా కలుపుకుంటూ పోతే పై ఎ తీగ, ట్యూనర్ యాప్ చూపించేదానికంటే దాదాపు 6 సెంట్లు పైన ఉంటుంది. తప్పు చెవిది కాదు, యాప్‌దీ కాదు. ఫ్రెట్లు పన్నెండు సమాన భాగాల లెక్కతో వేసినవి కాబట్టి యాప్ మాట వినడమే మంచిది.

మామూలు గిటార్‌లో జి కీ బి కీ మధ్య దూరం మిగతా తీగల మధ్య ఉన్న దూరం కాదు. అందుకే ఒక కార్డు ఆకారాన్ని పక్క తీగల మీదికి జరిపితే విరిగిపోతుంది, ఆ ఒక్కచోట వేలు సర్దాలి. పంచమాల శ్రుతిలో ఆ మినహాయింపు లేదు. నేర్చుకున్న ఆకారం ఏ తీగ మీదికి జరిపినా అదే ఆకారం. మ్యాట్రిక్స్ చూసి ఆనందించే జనం మనం, ఇది నచ్చకపోతే ఎలా?

జాజ్‌లో దీని ఉపయోగం ఏమిటో ఒక్క ఉదాహరణతో చెప్తాను. జాజ్ పాటల్లో నూటికి తొంభైసార్లు ఎదురయ్యే మూడు కార్డుల వరస ఉంది, రెండు-ఐదు-ఒకటి అంటారు. సి స్కేల్లో డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. లావు తీగ నుంచి సన్న తీగ వైపు ఫ్రెట్ నంబర్లు చెప్తాను. డి మైనర్ సెవెన్: 5, 5, 7, 5. జి సెవెన్: 5, 4, 5, 5. సి మేజర్ సెవెన్: 4, 5, 5, 2. మొదటిదాన్నుంచి రెండోదానికి వెళ్ళేటప్పుడు రెండు చివరి తీగలూ కదలవు. మధ్యలో సి దిగి బి అవుతుంది, ఎ దిగి జి అవుతుంది, అంతే. రెండోదాన్నుంచి మూడోదానికి వెళ్ళేటప్పుడు లావు తీగ మీద ఎఫ్ ఒక్క మెట్టు దిగి ఇ అవుతుంది, దాని పక్కనే బి ఒక్క మెట్టు ఎక్కి సి లోకి చేరుతుంది, జి ఉన్నచోటే ఉంటుంది. నలుగురు మనుషులు పాడుతున్నట్టు నాలుగు గొంతులు, ఎవరి దారి వాళ్ళది. ఆరు తీగల మీద బార్ కార్డు పట్టుకుని చెయ్యంతా ఇటునుంచి అటు జరిపినప్పుడు ఈ దారులు వినపడవు. ఉంటాయి, వినపడవు.

ఈ మూడు కార్డుల్లోనూ అట్టడుగు స్వరం కార్డు పేరులోని స్వరం కాదు. డి మైనర్‌లో అడుగున ఎఫ్, జి సెవెన్‌లో మళ్ళీ ఎఫ్, సి లో ఇ. ఒంటరిగా వాయిస్తే కాళ్ళు నేలకి ఆననట్టు ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ జాజ్‌లో నువ్వు ఒంటరివి కావు. కింది స్వరం బాస్ వాయించేవాడి పని. ఈ గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరం సుమారు 131 హెర్ట్జ్, మామూలు గిటార్‌లో 82. ఆ మధ్య ఖాళీ మొత్తం బాస్‌కి వదిలేసినట్టే. మన జామ్‌లలో ఇద్దరు గిటార్లూ ఒక కీబోర్డు ఎడమచెయ్యీ ఒక బాసూ అందరూ కలిసి ఆ ఖాళీలోనే దూరి బురదలా చేస్తారు. కౌంట్ బేసీ బ్యాండ్‌లో 1937 నుంచి 1987లో చనిపోయేదాకా లయ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ దగ్గర ఆరు తీగల గిటారే ఉంది. అయినా ఆయన చాలాసార్లు రెండు మూడు స్వరాలతోనే సరిపెట్టేవాడు. ఆరు తీగలుండీ ఆయన ఏరుకుని వదిలేసినదాన్ని ఈ వాయిద్యం మొదటే వదిలేసింది.

ఇప్పుడు మొదటి సలహాకున్న బలం. డి-జి-బి-ఇ శ్రుతి, దీన్ని షికాగో ట్యూనింగ్ అంటారు, చేసుకుంటే గిటార్ వచ్చినవాడికి ఏమీ కొత్తగా నేర్చుకునే పని లేదు. అంతకంటే పెద్ద కారణం తీగ. నాది 23 అంగుళాల స్కేలు. దాని మీద పై తీగ 440 హెర్ట్జ్ పలకాలి. తీగ మీద తరంగం వేగం పొడవుకి రెట్టింపు ఇంటూ ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి 514 మీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి ఉక్కు సాంద్రతతో గుణిస్తే తీగలో స్ట్రెస్ వస్తుంది: దాదాపు 2 గిగాపాస్కల్స్. మామూలు గిటార్ పై ఇ తీగకి ఇదే లెక్క వేస్తే 1.4 దగ్గర ఆగుతుంది. పియానో తీగ తెగే హద్దుకి 2 మరీ దూరం కాదు. ఇందులో అసలు చిక్కు ఏంటంటే, ఈ లెక్కలో తీగ మందం లేదు. లావు తీగ వేస్తే ఆగుతుంది అనుకోవడం భ్రమ. బిగువూ పెరుగుతుంది, అడ్డుకోత వైశాల్యమూ అంతే పెరుగుతుంది, స్ట్రెస్ అక్కడే ఉంటుంది. లావు తీగ వేసినందుకు తొంభై ఏళ్ళ పాత చెక్క మీద భారం పెరగడం ఒక్కటే మిగిలే ఫలితం. పది నంబరు తీగ మామూలు గిటార్ మీద సుమారు 7.4 కిలోల బిగువుతో పని కానిస్తే, ఇక్కడ అదే తీగ 10.7 కిలోలు లాగుతుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ మొదటి యూనిట్ నాకు పరీక్షలో కాదు, రాత్రి పదకొండింటికి ఎ తీగ టప్పున తెగి చెంప మీద చురుక్కుమనిపించినప్పుడు అర్థమైంది.

అయినా దానికి మందు గిటార్ శ్రుతి కాదు. నాలుగు తీగల్నీ కలిపి ఒక స్వరం దించండి: బి ఫ్లాట్, ఎఫ్, సి, జి. స్ట్రెస్ ఇరవై శాతం తగ్గుతుంది, పంచమాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్ వాళ్ళతో వాయించేటప్పుడు ఇంకా సుఖం, వాళ్ళ వాయిద్యాలు ఎలాగూ బి ఫ్లాట్‌లోనే ఉంటాయి. ఐరిష్ పాటలు వాయించేవాళ్ళు ఇంకా కిందికి, జి-డి-ఎ-ఇ దాకా లావు తీగలతో దించుకుంటారు. ఈ దారులన్నీ ఉండగా దీన్ని రెండు తీగలు తక్కువైన మామూలు గిటార్‌గా మార్చుకోవడం దేనికి? అప్పుడు నిజంగానే "రెండు తీగలు ఏవి?" అన్న ప్రశ్న సరైన ప్రశ్న అవుతుంది.

పంచమాల శ్రుతికి ఖరీదు లేదనడం లేదు. పక్క తీగ ఏడు మెట్ల దూరంలో ఉంది కాబట్టి ప్రతి తీగ మీదా నాలుగేసి స్వరాలు పలికించాలి, చిటికెన వేలికి జీతం లేని ఉద్యోగం. దగ్గర దగ్గర స్వరాలు గుత్తిగా ఉండే కార్డులు దాదాపు అసాధ్యం. బీబాప్ వేగంలో చెయ్యి పైకీ కిందికీ పరిగెత్తాలి. నేను ఇంకా ఆ వేగం దగ్గరికి కూడా వెళ్ళలేదు, 120 టెంపో దాటితే నా చిటికెన వేలు రాజీనామా ఇస్తుంది.

"ఇదంతా అమెరికా వాళ్ళ గొడవ, మనకెందుకు?" అని మా క్లబ్బులోనే ఒకరు అడిగారు. తెలుగు పత్రికలో తెలుగు విద్యార్థి అడగదగ్గ ప్రశ్నే. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు మాండొలిన్‌ని ఏం చేశారో చూడండి. జంట తీగల వాయిద్యాన్ని ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాయిద్యంగా మార్చుకుని, దాని మీద గమకం పలికించారు. ఆయన ఆ వాయిద్యాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చారు, నిజమే. కానీ తెచ్చేముందు ఆ సంగీతం ఏం అడుగుతోందో ఆయనకి పూర్తిగా తెలుసు. తర్వాత ఆయన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే జాజ్ గిటారిస్టుతో రిమెంబర్ శక్తిలో వాయించినప్పుడు కూడా ఎవరి సంగీతం ఎవరిదో తెలిసినవాళ్ళే ఎదురెదురుగా కూర్చున్నారు. నేను అడిగేది ఆ మర్యాదే. జాజ్ మన దగ్గర హోటల్ లాబీలో కాఫీ పక్కన వినపడే చప్పుడైపోయింది. అది నల్లజాతి అమెరికన్లు కట్టిన సంగీతం. ఈ గిటార్ మెడ ఏ బ్యాంజోదో, ఆ బ్యాంజో మూలాలు బానిసలుగా ఓడల్లో తెచ్చిన ఆఫ్రికా మనుషుల వాయిద్యాల్లో ఉన్నాయి. ఆ శ్రుతినీ ఆ వేళ్ళ దారినీ చెరిపేసి, పాత చెక్క రంగు మాత్రం బాగుందని రీల్స్‌లో పట్టుకుని నిలబడితే నాకు ఎందుకో ఇబ్బందిగా ఉంటుంది. ఇది నా చాదస్తమని మా రూమ్మేట్ అంటాడు. కావచ్చు.

గోడకి తగిలించమన్నవాళ్ళకి చెప్పేది తక్కువ. పాత గిటార్లు జంతువుల జిగురుతో అతికినవి. ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేస్తే అతుకులు ఊడొచ్చు, తేమ ఎక్కువైనా ప్రమాదమే. అలాంటి జాగ్రత్తలు పడాల్సిందే. అప్పటి చాలా గిటార్లలో మెడ వంపు సర్దే ట్రస్ రాడ్ కూడా ఉండదు, కాబట్టి సన్న తీగలే వేయాలి: 10, 14, 24, 32 నంబర్ల చుట్టుపక్కల. ఇక్కడ టెనర్ సెట్ దొరక్కపోతే విడి తీగలు కొనుక్కుని కూర్చుకోవచ్చు. ఇవన్నీ వాయించడానికి పడే పాట్లు. గోడకున్నదాన్ని చూసి ఎవరూ రెండు-ఐదు-ఒకటి నేర్చుకోలేదు.

పికప్ విషయంలో మాత్రం కొద్దిలో తప్పింది. కరెంటంటే నాకు పడక కాదు. గ్రైమ్స్ వాయించిందే ఎలక్ట్రిక్, గిబ్సన్ 1930ల చివర్లోనే ఎలక్ట్రిక్ టెనర్లు అమ్మింది. కానీ అవి ఆ పని కోసం కట్టినవి. దీని పక్క చెక్క రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. సిటీలో రిపేర్‌కి ఇచ్చిన చోట, నేను టీ తాగి వచ్చేలోగా, జాక్ కోసం పెన్సిల్‌తో గుండ్రంగా గుర్తు పెట్టేసి డ్రిల్లుకి బిట్ ఎక్కిస్తున్నారు. "ఒక్క నిమిషం పని తమ్ముడూ, అందరూ చేయించుకుంటారు" అన్నాడాయన. ఆయన తప్పు లేదు, వారానికి పది గిటార్లకి అదే చేస్తాడు. నేను గిటార్ తీసుకుని బయటికొచ్చేశాను, సర్వీస్ ఛార్జీ ఇవ్వడం కూడా మర్చిపోయి మళ్ళీ వెనక్కెళ్ళి ఇచ్చాను. కన్నం అవసరం లేకుండా ముందు రంధ్రంలో బిగించి తీసేసే పికప్‌లు దొరుకుతాయి. అదీ లేకపోతే ముందు ఒక మైకు పెట్టుకుంటే చాలు.

కల్చరల్స్‌లో అదే చేయబోతున్నాం. డ్రమ్స్ బదులు బ్రషులతో స్నేర్ ఒక్కటి, సివిల్ థర్డ్ ఇయర్ నుంచి బాస్, ఒక క్లారినెట్, నేను. అందరికీ కలిపి మధ్యలో ఒకే మైకు; ఎవరు ముందుకి రావాలో వాళ్ళు ఒక అడుగు ముందుకి. సోలో ఎనిమిది బార్లు క్లారినెట్‌కిచ్చాం. నాకు సోలో లేదు, అడగలేదు. ఆ పెన్సిల్ గుర్తు ఇంకా అలాగే ఉంది, రబ్బరు పెట్టి తుడిస్తే పాలిష్ పోతుందేమోనని వదిలేశాను.